రేచర్ల రుద్రుడు

రేచర్ల రుద్రుడు కాకతీయ సామ్రాజ్యంలో సేనానిగా, మంత్రిగా, సామంతునిగా పనిచేసిన ప్రముఖుడు. ఇతడు క్రీ.శ. 12వ శతాబ్ది చివరి భాగంలోను, 13వ శతాబ్ది తొలి భాగంలోను జీవించాడు. ఇతనిని రేచర్ల రుద్రారెడ్డి అని, రుద్ర సేనాని అని కూడా వ్యవహరిస్తారు. కాకతీయ రాజ్యం రాజు లేని స్థితిలో పడినప్పుడు దానిని కాపాడి, నిజమైన వారసుడు గణపతిదేవునికి తిరిగి అప్పగించిన స్వామిభక్తునిగా ఇతడు చరిత్రలో నిలిచాడు. వరంగల్లుకు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, నేటి ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న రుద్రేశ్వరాలయం ఇతని నిర్మాణమే. ఈ ఆలయమే లోకంలో రామప్ప దేవాలయంగా ప్రసిద్ధి పొందింది. కొండ, అడవి, చెరువు, పొలం, గుడి ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేలా చేసిన ఈ నిర్మాణం నేటికీ వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠంగా ఉపయోగపడుతున్నది.

కాకతీయ చరిత్రలో రుద్ర నామధారులు పలువురు ఉన్నారు. హనుమకొండలో వేయిస్తంభాల గుడిని 1163లో నిర్మించిన కాకతి రుద్రదేవుడు వేరు, గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి వేరు, చివరి చక్రవర్తి ప్రతాపరుద్రుడు వేరు. రేచర్ల రుద్రుడు రాజవంశానికి చెందినవాడు కాదు. ఆ వంశానికి అండగా నిలిచిన సేనాని.

వంశం

రేచర్ల వంశంవారు తరతరాలుగా కాకతీయులకు సేనానులుగా పనిచేసారు. కాకతీయులు పశ్చిమ చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాలం నుండి ఈ వంశంవారి పేర్లు శాసనాలలో కనబడుతున్నవి. వంశ మూలపురుషులలో ఒకడైన బ్రహ్మ సేనాని కంచిపై జరిగిన యుద్ధంలో పరాక్రమం చూపినట్లు శాసనాలు వర్ణిస్తున్నవి. ఆ తరువాతి తరాలలో కాట, కామ అనే పేర్లు ప్రముఖంగా వినవస్తాయి. రుద్రుడు కాటుని కుమారుడు.

ఈ వంశంలోని మరొక శాఖవారు నేటి సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిని కేంద్రంగా చేసుకున్నారు. అక్కడి నామేశ్వర, ఎరకేశ్వర ఆలయాలు ఆ శాఖవారు 13వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కట్టించినవే. గుడి కట్టించడం, చెరువు తవ్వించడం, ఊరు నిలపడం అనే మూడు పనులు ఈ వంశంవారి సంప్రదాయంగా కనిపిస్తాయి. తరువాతి కాలంలో రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచర్ల పద్మనాయకులను ఈ సేనానుల కుటుంబంతో కలిపి పొరబడరాదు.

రాజ్య రక్షణ

రుద్రదేవుని తరువాత అతని తమ్ముడు మహాదేవుడు ఓరుగల్లు సింహాసనం అధిష్ఠించాడు. మహాదేవుని పాలన మూడేళ్ళకు మించలేదు. అతడు దేవగిరి యాదవులపై దండెత్తి ఆ యుద్ధంలోనే మరణించాడు. కుమారుడైన గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. ఈ విధంగా 1198-99 ప్రాంతంలో కాకతీయ రాజ్యానికి రాజు లేకుండా పోయాడు.

బలమైన రాజు లేనప్పుడు సామంతులు తల ఎత్తడం ఆనాటి రాజకీయాలలో సర్వసాధారణం. ఓరుగల్లులోను అదే జరిగింది. కొందరు సామంతులు స్వతంత్రించారు. పొరుగు రాజులు సరిహద్దులు దాటి రాసాగారు. అప్పుడు సైన్యం రేచర్ల రుద్రుని చేతిలో ఉన్నది. అతడు తిరుగుబాటుదారులను ఎదిరించి అణచివేసాడు. నాగతి అనే ప్రభువు రుద్రుని ధాటికి నిలువలేక పారిపోయినట్లు పాలంపేట శాసనం తెలుపుతున్నది.

ఈ ఘట్టంలో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. సేన చేతిలో ఉండి, రాజు మరణించి, వారసుడు చెరలో ఉన్నప్పుడు సేనాని తానే రాజు కావడం చరిత్రలో అరుదు కాదు. కాకతీయులు కూడా చాళుక్యులు బలహీనపడిన సమయం చూసి స్వతంత్రులైనవారే. అటువంటి అవకాశం చేతికి అందినప్పటికీ రుద్రుడు సింహాసనం ఎక్కలేదు. యువరాజు పేరిట రాజ్యాన్ని కాపాడాడు. 1199 ప్రాంతంలో యాదవులు గణపతిదేవుని విడిచిపెట్టగా, రుద్రుడు రాజ్యాన్ని అతనికి అప్పగించాడు. కాకతి రాజ్య భారాన్ని మోసినవాడు అనే అర్థం వచ్చే బిరుదు ఇతనికి లభించింది.

గణపతిదేవుడు 1262 వరకు, అనగా ఆరు దశాబ్దాలకు పైగా పాలించాడు. తెలుగుదేశంలో అధిక భాగం ఒకే పాలన క్రిందకు వచ్చింది ఈ కాలంలోనే. ఓరుగల్లు కోట ప్రాకారాలు, పాకాల వంటి పెద్ద చెరువులు, మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు రక్షణ కల్పించిన 1244 నాటి అభయ శాసనం ఈ పాలనకు చెందినవే. రుద్రుడు ఆనాడు రాజ్యాన్ని తనదిగా చేసుకుని ఉంటే ఈ చరిత్ర మరొక విధంగా సాగి ఉండేది.

పాలంపేట శాసనం

రుద్రుని గూర్చి మనకు తెలిసిన విషయాలలో చాలా భాగం పాలంపేట శాసనం నుండి లభించినవే. ఇది ఆలయ ప్రాంగణంలో నాలుగు ముఖాల రాతి స్తంభంపై చెక్కబడి ఉన్నది. భాష సంస్కృతం, లిపి తెలుగు. ఇందులో ముందుగా దేవతా స్తుతి, ఆ తరువాత కాకతీయ రాజుల వర్ణన, రేచర్ల వంశ వర్ణన, చివరకు దాన వివరాలు ఉన్నవి.

శాసన కాలం శాలివాహన శకం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. ఇది క్రీ.శ. 1213 మార్చి 31వ తేదీకి సరిపోతుంది. ఆతుకూరు అనే చోట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి, ఆలయ పోషణకు ఉప్పరపల్లి, బొర్లపల్లి మున్నగు గ్రామాలను దానం చేసినట్లు ఇందులో ఉన్నది. ఓరుగల్లులో కూడా రుద్రుడు ఒక రుద్రేశ్వరాలయం కట్టించినట్లు ఈ శాసనమే తెలుపుతున్నది. ఆలయానికి ఇరువైపులా ఉన్న చిన్న గుడులను కాటేశ్వరాలయం, కామేశ్వరాలయం అంటారు. ఈ పేర్లు రుద్రుని పూర్వీకుల పేర్లను గుర్తుకు తెస్తాయి.

హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. పాలంపేట శాసనాన్ని ఎల్.డి. బార్నెట్ పరిష్కరించగా ఆ శాఖ ప్రచురించింది. శాఖ తొలి సంచాలకుడైన గులాం యజ్దానీ 1922లో పాలంపేట ఆలయాలపై ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. అడవిలో ఒక మూలన ఉన్న ఈ ఆలయం గూర్చి పండిత లోకానికి వివరంగా తెలిసింది అప్పటినుండే.

ఆలయ నిర్మాణం

ఆలయ నిర్మాణం 1213లో ఆరంభమై సుమారు 40 సంవత్సరాలు సాగినట్లు భావిస్తున్నారు. ఆలయం తూర్పు ముఖంగా, సుమారు ఆరు అడుగుల ఎత్తైన జగతిపై నిలిచి ఉన్నది. గర్భగృహం, అంతరాళం, మూడు వైపుల ప్రవేశ మండపాలు గల రంగమండపం దీని ప్రధాన భాగాలు. ఎదురుగా నంది మండపం ఉన్నది. ఇక్కడి నంది చెవి రిక్కించి, స్వామి ఆజ్ఞ అందగానే లేవబోతున్నట్లు కనబడుతుంది.

ఆలయంలో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పదార్థాన్ని ఎంచుకున్నారు. గోడలు ఎర్రటి ఇసుకరాయితో కట్టారు. బరువు మోసే స్తంభాలకు, దూలాలకు గ్రానైట్, డోలరైట్ వంటి గట్టి రాళ్ళను వాడారు. సూక్ష్మమైన శిల్పాలకు మెరుగు పట్టే నల్లని రాయిని వినియోగించారు. అన్నిటికన్నా పైనున్న విమానాన్ని తేలికైన ఇటుకలతో కట్టారు. క్రింద బరువు, పైన తేలిక అనే క్రమం దీనిలో స్పష్టంగా ఉన్నది.

నీటిపై తేలే ఇటుకలు

విమానానికి వాడిన ఇటుకలు నీటిలో వేస్తే తేలుతాయి. వీటి సాంద్రత నీటి సాంద్రతకన్నా తక్కువ. ఇటుక లోపల సన్నని రంధ్రాలు ఉండటమే దీనికి కారణం. మట్టిలో ఊక, రంపపు పొట్టు వంటి పదార్థాలను కలిపి కాల్చితే అవి కాలిపోయి, వాటి స్థానంలో ఖాళీలు మిగులుతాయి. ఈ ఇటుకలను కూడా ఇటువంటి పద్ధతిలోనే తయారు చేసి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. శిఖరం బరువు తగ్గడం వలన దూలాలపైన, స్తంభాలపైన, పునాదిపైన పడే భారం తగ్గింది.

ఇసుక పునాది

కాకతీయ నిర్మాణాలలో ఇసుక పునాది మరొక విశేషం. నేలలో లోతుగా గొయ్యి తీసి, ఇసుకను గట్టిగా నింపి, దానిపై రాతి కట్టడం లేపేవారు. ఇసుక భారాన్ని సమంగా పంచుతుంది. నేల కదలినప్పుడు ఆ కుదుపును కొంతవరకు తనలో ఇముడ్చుకుంటుంది. అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉన్నది. ఇసుక జారిపోకుండా, దానిలోని తేమ స్థితి ఒక్కసారిగా మారకుండా ఉండాలి. కనుక గుడి చుట్టూ ఉన్న నేలను, నీటిని కాపాడటం గుడిని కాపాడటంలో భాగమే. ఆలయంలో నేల రాళ్ళు కొన్నిచోట్ల ఎత్తుపల్లాలుగా మారి, కొన్ని దూలాలు బీటలు వారినప్పటికీ, ప్రధానాలయం ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా నిలిచి ఉన్నది.

ప్రకృతితో అనుసంధానం

రుద్రుడు గుడి కోసం ఎంచుకున్న స్థలం అడవి కొండల పాదాల వద్ద ఉన్నది. దేవాలయం కొండలు, వనాలు, ఊటలు, చెరువులు, సేద్యపు భూములతో కలిసి ఉండాలని వాస్తు గ్రంథాలు చెప్పే సూత్రాన్ని ఇక్కడ ఆచరణలో చూడవచ్చు.

ఆలయానికి సమీపంలోనే రామప్ప చెరువు ఉన్నది. దీనిని కూడా రేచర్ల రుద్రుడే నిర్మించినట్లు చరిత్రకారులు భావిస్తారు. నలువైపులా కట్ట పోసి చెరువు చేయడం ఎంతో శ్రమతో కూడిన పని. పాలంపేట వద్ద అటువంటి అవసరం రాలేదు. కొండల వరుసల మధ్య వాగు బయటకు పోయే సందు ఉన్నది. ఆ సందుకు అడ్డంగా మట్టికట్ట పోయడంతో మిగిలిన మూడు వైపులా కొండలే గట్లయ్యాయి. పైనున్న అడవి వాననీటిని నెమ్మదిగా చెరువుకు పంపుతుంది, మట్టి కొట్టుకు రాకుండా ఆపుతుంది. చెరువు క్రింద తూముల ద్వారా పొలాలకు నీరు పారుతుంది. చెరువు నిల్వ సామర్థ్యం సుమారు 2.9 టి.ఎం.సి.లు. కట్టించిన రాజ్యం అంతరించి ఏడు వందల ఏళ్ళు గడచినా ఈ చెరువు క్రింద పంటలు పండుతూనే ఉన్నవి.

ఈ ఏర్పాటులో ఆర్థిక సూత్రం కూడా ఇమిడి ఉన్నది. చెరువు వలన పొలం పండింది. పొలం వలన ఊరు నిలిచింది. ఊరి ఆదాయంలో కొంత భాగం గుడికి చేరింది. గుడిలో అర్చకులు, నర్తకులు, వాద్యకారులు, శిల్పులు బ్రతికారు. గుడిపట్ల భక్తి వలన ఊరివారు చెరువును బాగుచేసుకున్నారు. గుడి, చెరువు, ఊరు అనే ఈ మూడింటి కలయిక కాకతీయుల పాలనకు మూలస్తంభమని చెప్పవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2015లో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు చేపట్టిన పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టడానికి ఈ వారసత్వమే కారణం.

శిల్పాలలో ప్రకృతి

ఆలయం వెలుపలి గోడల అడుగున ఏనుగుల వరుస ఆలయం చుట్టూ సాగుతుంది. మొత్తం కట్టడాన్ని ఏనుగులే మోస్తున్నట్లు చూపరులకు తోస్తుంది. వాటిపై వరుసలలో తామరలు, లతలు, దేవతా మూర్తులు ఉన్నవి. చూరు క్రింద సింహం, ఏనుగు రూపాలు కలిసిన గజకేసరి బొమ్మలు, వాటి నడుమ నల్లరాతి మదనికలు నిలిచి ఉన్నవి. ఈ మదనికల సంఖ్య 12. వీరిలో పాములను ఆభరణాలుగా ధరించిన నాగిని, ఎత్తు మడమల పాదరక్షలు ధరించిన వేటగత్తె ప్రసిద్ధులు. మదనికలు చూరును మోస్తున్నట్లు కనిపించినా, వారి ఒంపులలో బరువు మోస్తున్న శ్రమ కానరాదు. కొమ్మ వంగినట్లు శరీరం వంగి ఉండటం ఈ శిల్పాల అందానికి కారణం.

గర్భగృహ ద్వారం సమీపంలో పొన్నచెట్టుపై వేణువు ఊదుతున్న కృష్ణుని శిల్పం ఉన్నది. ఈ శిల్పంలోని చెట్టు భాగాన్ని మీటితే వేర్వేరు స్వరాలు పలుకుతాయి. రంగమండపంలోని స్తంభాలు, పైకప్పు నర్తకులతో, వాద్యకారులతో, పురాణ ఘట్టాలతో నిండి ఉన్నవి.

రామప్ప అనే పేరు

శాసనంలో ఆలయం పేరు రుద్రేశ్వరం. కాని ప్రజల నోట అది రామప్ప గుడి అయింది. ఆలయాన్ని చెక్కిన ప్రధాన శిల్పి పేరు రామప్ప అని, అతని నైపుణ్యానికి మెచ్చి ఆ పేరే గుడికి పెట్టారని ప్రజలలో గట్టి నమ్మకం ఉన్నది. దైవం పేరు మీదుగా కాక శిల్పి పేరు మీదుగా పిలువబడే గుడి అని పాఠ్యపుస్తకాలలో, పర్యాటక గ్రంథాలలో వ్రాస్తూ ఉంటారు. శాసనంలో మాత్రం శిల్పి పేరు లేదు. స్వామికి రామలింగేశ్వరుడు అనే పేరు ఉండటం వలన రామప్ప అనే పేరు వచ్చి ఉండవచ్చని మరికొందరి అభిప్రాయం.

ఏది నిజమైనా ఫలితం ఒకటే. కట్టించిన రుద్రుని పేరు ప్రజల నోట వెనుకబడి, శిల్పిగా తలచబడే వ్యక్తి పేరు గుడికీ, చెరువుకీ నిలిచిపోయింది. సామాన్య జనం ప్రభువుకన్నా పనివానికి పెద్దపీట వేసిన ఉదాహరణగా దీనిని చెప్పుకోవచ్చు. ప్రపంచ వారసత్వ జాబితాలో ఆలయాన్ని కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) దేవాలయం అని నమోదు చేయడంతో రెండు పేర్లూ ఒకచోట చేరాయి.

విద్యలో స్థానం

గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. దీనిలో పేరిణి మొదలగు దేశి నృత్తాల వివరణ ఉన్నది. గుడి పని ఆరంభమైన నలభై ఏళ్ళకు ఈ గ్రంథం వెలువడినది కనుక గ్రంథాన్ని చూచి శిల్పాలు చెక్కారని చెప్పడానికి వీలులేదు. ఆనాడు జీవించి ఉన్న నాట్య సంప్రదాయాన్నే శిల్పులు రాతిలోను, జాయప గ్రంథంలోను భద్రపరచారని భావించడం సమంజసం. 20వ శతాబ్దిలో నటరాజ రామకృష్ణ ఈ గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను పక్కపక్కన ఉంచుకుని పరిశీలించి, మరుగున పడిన పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించాడు. 1985లో మహాశివరాత్రినాడు రామప్ప గుడిలోనే ఈ నృత్యం ప్రదర్శింపబడింది. గురువులు లేకుండా పోయిన విద్యకు రాతిబొమ్మలే గురువులైన సందర్భమిది.

ఇంజనీరింగు, వాస్తుశిల్ప విద్యలలో కూడా ఈ కట్టడం పాఠ్యాంశమే. 1959లో స్థాపింపబడి 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల అధ్యాపకులు కాకతీయుల పునాదులను, ఇటుకలను, చెరువులను పరిశీలించారు. 2022లో పాలంపేటలో ప్రపంచ వారసత్వ వాలంటీర్ల శిబిరం జరిగింది. విద్యార్థులు ఇక్కడ నేర్చుకోదగిన విషయాలు ముఖ్యంగా నాలుగు:

* స్థలం ఎంపిక: కొండను తొలచి చదును చేయక, కొండ ఉన్న తీరుకు తగినట్లు నిర్మాణాన్ని కూర్చడం.
* పదార్థం ఎంపిక: బరువు మోసే చోట గట్టిరాయి, పైన తేలిక ఇటుక వాడటం.
* పునాది: నేలను ఎదిరించక, నేలతోపాటు కొద్దిగా కదలగల ఇసుకను ఆధారం చేసుకోవడం.
* నీరు: కట్టడాన్ని, చెరువును, పొలాన్ని ఒకే ప్రణాళికలో చూడటం.

నేడు ప్రకృతిని అనుసరించే నిర్మాణం అనే పేరుతో ప్రపంచమంతటా బోధిస్తున్న విషయాలలో కొన్నింటికి పాలంపేటలో పాత ఉదాహరణలు దొరుకుతాయి.

గుర్తింపు, పరిరక్షణ

కాకతీయుల ఆలయాలు, తోరణాలు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ ప్రతిపాదనలో వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట తోరణాలు కూడా ఉన్నవి. తరువాత రామప్ప ఆలయాన్ని మాత్రమే ప్రత్యేకంగా ప్రతిపాదించారు. నిపుణుల సంఘం మరింత సమాచారం కోసం నిర్ణయాన్ని వాయిదా వేయవలసిందిగా సూచించినా, రష్యా మున్నగు సభ్యదేశాల మద్దతుతో 2021 జూలై 25న ఈ ఆలయం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చైనాలోని ఫుజౌ నగరం ఆతిథ్యమిచ్చిన 44వ సమావేశంలో ఈ నిర్ణయం జరిగింది. తెలంగాణ నుండి ఈ గౌరవం పొందిన మొదటి కట్టడం ఇదే. భారతదేశం నుండి జాబితాలో చేరినవాటిలో ఇది 39వది.

కాకతీయ కట్టడాలను తిరిగి నిలపడం ఎంతటి ఓర్పుతో కూడిన పనో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం తెలుపుతుంది. రాళ్ళు విప్పి, మరల పేర్చి, పని పూర్తిచేసి 2024 మార్చిలో దానిని ప్రారంభించారు. విప్పడానికి పట్టిన కాలం కన్నా తిరిగి కట్టడానికి పట్టిన కాలం ఎన్నో రెట్లు ఎక్కువ. పాలంపేటలోని కామేశ్వరాలయాన్ని కూడా పునర్నిర్మాణం కోసం విప్పవలసి వచ్చింది. రామప్ప ఆలయం విషయంలో గుడిని మాత్రమే కాపాడితే చాలదు. చుట్టూ ఉన్న కొండలు, అడవి, చెరువు, ఇసుక పునాదికి ఆధారమైన నేల యథాతథంగా ఉన్నంతకాలమే రుద్రుని నిర్మాణం సంపూర్ణంగా ఉన్నట్లు లెక్క.

విశేషాలు

* రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయానికి శాసనబద్ధమైన తేదీ ఉండటం వలన కాకతీయ శిల్పకళ పరిణామాన్ని లెక్కించడానికి ఇది గీటురాయిగా ఉపయోగపడుతున్నది.
* పాలంపేట మొదట వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2019లో కొత్తగా ఏర్పడిన ములుగు జిల్లాలో చేరింది.
* రాజ్యాన్ని చేజిక్కించుకునే అవకాశాన్ని వదులుకున్న సేనాని పేరు ఏ రాజధానికీ లేదు. శాసనంలో అతని పేరుతో ప్రతిష్ఠితుడైన రుద్రేశ్వరునికి మాత్రం పాలంపేటలో నేటికీ పూజలు జరుగుతున్నవి.

ఇవి కూడా చూడండి

* రామప్ప దేవాలయం
* రామప్ప చెరువు
* గణపతిదేవుడు
* జాయప సేనాని
* పేరిణి నృత్యం
* వేయిస్తంభాల గుడి
* పిల్లలమర్రి